సోమవారపు జబ్బు: గుర్రం కండరంలో చక్కెర కథ

పందొమ్మిదో శతాబ్దంలో ఐరోపా, అమెరికా నగరాల్లో బరువు బండ్లను గుర్రాలే లాగేవి. ఆదివారం వాటికి సెలవు. దాణా మాత్రం పనిరోజుల్లో లాగే నిండుగా పెట్టేవారు. సోమవారం ఉదయం బండికి కట్టిన కొద్దిసేపటికే కొన్ని గుర్రాలకు చెమటలు పట్టేవి. నడుము, తొడలు బిగుసుకుపోయేవి. మూత్రం కాఫీ రంగులోకి మారేది. కొన్ని కూలబడి చనిపోయేవి కూడా. అందుకే దీనికి 'సోమవారపు జబ్బు' అని పేరు వచ్చింది. అదే దాణా తిన్న పక్క గుర్రానికి ఏమీ కాలేదెందుకు?

జవాబు తెలియాలంటే ముందు గ్లైకోజెన్‌ను పరిచయం చేసుకోవాలి. ఆహారంలోని పిండిపదార్థం గ్లూకోజ్‌గా మారి రక్తంలో కలుస్తుంది. కండరాలు దానిని తీసుకుని గ్లైకోజెన్‌గా దాచుకుంటాయి. 1857లో క్లాడ్ బెర్నార్డ్ కాలేయం నుంచి ఈ పదార్థాన్ని వేరుచేశాడు. 1930 దశకంలో స్వీడన్‌లో కార్ల్‌స్ట్రోమ్ జబ్బు గుర్రాలను పరిశీలించి, సెలవునాడు పేరుకున్న గ్లైకోజెన్ పనివేళ లాక్టిక్ ఆమ్లంగా మారి కండరాన్ని దెబ్బతీస్తుందని భావించాడు. ఈ వివరణ దశాబ్దాలపాటు నిలిచింది.

1992లో స్టెఫనీ వాల్బర్గ్ బృందం క్వార్టర్ హార్స్ జాతి గుర్రాల కండరం ముక్కలను సూక్ష్మదర్శినిలో చూసింది. గ్లైకోజెన్ మితిమీరి ఉంది. అసాధారణమైన చక్కెర ముద్దలూ కనిపించాయి. కానీ ఈ గుర్రాల్లో లాక్టిక్ ఆమ్లం పెరగలేదు! 1999లో వెలువడిన మరో పరిశోధనలో, గ్లూకోజ్ ఇచ్చినప్పుడు ఈ గుర్రాల రక్తం నుంచి అది మామూలు గుర్రాలకంటే త్వరగా మాయమైందని తేలింది. మధుమేహంలో జరిగేదానికి ఇది తలకిందులన్నమాట.

2008లో మోలీ మెక్‌క్యూ, వాల్బర్గ్, వారి సహచరులు మూలాన్ని పట్టుకున్నారు. గ్లైకోజెన్‌ను తయారుచేసే ఎంజైము జన్యువులో ఒకే ఒక్క అక్షరం మారింది. ఫలితంగా ప్రోటీన్‌లో 309వ స్థానంలో ఆర్జినైన్‌కు బదులు హిస్టిడిన్ చేరింది. ఎంజైము అదుపు తప్పి పనిచేయసాగింది. గాదె నిండా ధాన్యం ఉన్నా వంటకు గింజ అందని ఇంటిలా, కండరంలో నిల్వ ఉన్నా పనివేళకు శక్తి చాలదు.

ఈ మార్పు 20కి పైగా జాతుల్లో కనిపించింది. కనుక ఇది వెయ్యేళ్లకు పైబడినదని అంచనా. మేత కరువై, రోజూ చాకిరీ చేసిన కాలంలో చక్కెరను త్వరగా దాచుకునే గుణం మేలు చేసి ఉండవచ్చని పరిశోధకుల ఊహ. ధాన్యం పుష్కలమై, విశ్రాంతి పెరిగాక అదే గుణం ముప్పయింది.

ఇప్పుడు కొన్ని వెంట్రుకల కుదుళ్లు చాలు, ఈ జన్యువును పరీక్షించవచ్చు. తల్లిదండ్రుల్లో ఒకరికి ఒక ప్రతి ఉన్నా పిల్లకు వచ్చే అవకాశం సగం. కాబట్టి జతకట్టించే ముందే పరీక్ష అవసరం. జబ్బు ఉన్న గుర్రానికి ధాన్యం తగ్గించి, ఎండుగడ్డితోపాటు కొవ్వు కలిపి పెట్టి, రోజూ నడిపిస్తే చాలావరకు కోలుకుంటుంది. జన్యువును మార్చలేకపోయినా, దాణానూ దినచర్యనూ మార్చడం యజమాని చేతిలోనే ఉంది. మీరు గుర్తుంచుకోవలసింది ఇదే.