గుర్రమెక్కి వచ్చిన పంతులమ్మ

1997 వేసవి. లాసా దాటి, సరైన దారి కూడా లేని టిబెట్ పల్లెల్లోకి ఓ జర్మన్ యువతి గుర్రం మీద వచ్చింది. పేరు సాబ్రియె టెన్‌బర్కెన్. వయసు 26. పన్నెండో ఏటే ఆమెకు చూపు పోయింది. ఆ సంగతి చెబితే పల్లెజనం నమ్మలేదు. కళ్లు లేని మనిషి గుర్రం ఎక్కడమేమిటి!

ఊరూరా ఆమె ఆరా తీసింది ఒక్కటే: చూపులేని పిల్లలు ఎవరైనా ఉన్నారా?

ఉన్నారు. గడప దాటనివాళ్లు ఉన్నారు. మంచానికి కట్టేసి ఉంచినవాళ్లూ ఉన్నారు. అలాగని ఆ తల్లిదండ్రులు కసాయివాళ్లేం కారు. పనికి పోకపోతే పూట గడవదు, ఇంట్లో చూస్తే పొయ్యి మండుతుంటుంది, బిడ్డ ఎక్కడ పడుతుందోనని బెంగ. పైగా ఇదంతా పోయిన జన్మలో చేసుకున్న పాపమని నమ్మకం. (మన అరుగుల మీద ఈ మాట విననివాళ్లెవరు?) ఆ కొండల ఎత్తున మాడ్చే ఎండ, దుమ్ము, ఇంట్లో కమ్ముకునే పొగ, విటమిన్-ఎ లోపం... పాపం వీటిది!

ఆమె తనతో తెచ్చింది టిబెటన్ బ్రెయిలీ. బాన్ విశ్వవిద్యాలయంలో ఆ భాష చదువుతూ, తన పాఠాలు తాను చదువుకోవడానికి 1992లో కూర్చుకున్న లిపి అది. మన వత్తుల్లాగే టిబెటన్‌లోనూ అక్షరం కింద అక్షరం చేరుతుంది. ఆరు చుక్కల గడిలో కింద చోటేదీ? పైదీ కిందదీ వరసలోనే రావాలి, అయినా వేలు తడబడకూడదు. అంతటి చిక్కుముడి విప్పిన మనిషిని, చూపు లేదన్న ఒక్క కారణంతో మారుమూల పనికి పంపబోమన్నాయి సేవాసంస్థలు. అందుకే తనంతట తానే బయల్దేరింది.

లాసాలో పరిచయమైన డచ్ ఇంజినీరు పాల్ క్రోనెన్‌బర్గ్‌తో కలిసి 1998లో అక్కడే బడి తెరిచింది. చేతికర్రతో నడవడం, బ్రెయిలీ, టిబెటన్, చైనీస్, ఇంగ్లిష్ అక్కడ నేర్పేవారు. అవి వంటబట్టాక పిల్లలు చూపున్న పిల్లలు చదివే మామూలు బడికే వెళ్లేవారు. నా దృష్టిలో ఆమె చేసిన అసలు పని ఇదే. ప్రత్యేక బడి పెట్టేవాళ్లు చాలామందే ఉంటారు, అందులోంచి పిల్లల్ని బయటికి పంపాలని మొదటిరోజే అనుకునేవాళ్లు అరుదు.

2004లో ఆ బడి పిల్లలు ఆరుగురు, ఎవరెస్టు ఎక్కిన అంధుడు ఎరిక్ వీహెన్‌మాయర్‌తో లాక్పా రీ పర్వతం ఎక్కబోయి శిఖరానికి ముందే వెనుదిరిగారు. దానిమీద సినిమా కూడా వచ్చింది. పేరు కొండకు దక్కింది గానీ, నన్నడిగితే ఊరిబడిలో బెంచీ మీద చోటు సంపాదించడమే గొప్ప.

తర్వాత సాబ్రియె, పాల్ ఇద్దరూ మన పక్కనే, తిరువనంతపురంలో, సమాజం కోసం పనిచేయదలచినవాళ్లకు శిక్షణ ఇచ్చే ‘కాంతారి’ సంస్థ పెట్టారు.

మన దేశంలో 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం ప్రకారం, 40 శాతం, ఆపైన వైకల్యమున్న పిల్లలకు 6 నుంచి 18 ఏళ్ల వరకు దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కుంది. మీ వీధిలో అలాంటి బిడ్డ ఇంటిపట్టునే ఉండిపోయి ఉంటే, మీ మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం ఎక్కడుందో కనుక్కుని ఆ తల్లికి చెప్పండి.