ట్రాంబోన్: శ్మశానం దాకా వెళ్ళి తిరిగి వచ్చిన వాయిద్యం

కొన్నాళ్ళ క్రితం ఒక రాత్రి, బీథోవెన్ అయిదవ సింఫనీ కచేరీ దృశ్యముద్రణను చూస్తూ కూర్చున్నాను. వాద్యబృందంలో వెనుక వరుసన ముగ్గురు పొడవాటి ఇత్తడి గొట్టాలు ఒడిలో పెట్టుకొని నిశ్చలంగా ఉన్నారు. మొదటి భాగం ముగిసింది, రెండవది ముగిసింది, మూడవది కూడా ముగియవచ్చింది. 20 నిమిషాలకు పైగా వారు ఒక్క స్వరమైనా ఊదలేదు. ఇంతటి నిరీక్షణ దేనికోసం? ఈ ప్రశ్న వెంట వెళ్ళగా ట్రాంబోన్ చరిత్ర కొంత తెలిసివచ్చింది. అలా వెళ్ళడానికి నాకు మరొక స్వంత కారణం కూడా ఉంది. అది చివర మనవి చేస్తాను.

ముందుగా వాయిద్య నిర్మాణం. ఒకే నిడివి గల ఇత్తడి గొట్టంలో పెదవులు అదిరిస్తూ ఊదితే కొన్ని స్వరాలే పలుకుతాయి. వాటి మధ్య, ముఖ్యంగా కింది స్థాయిలో, పెద్ద పెద్ద ఖాళీలుంటాయి. పూర్వపు బాకాలకూ కొమ్ములకూ ఉన్న ఇబ్బంది ఇదే. 15వ శతాబ్దంలో ఐరోపా పనివారు దీనికొక ఉపాయం కనిపెట్టారు. గొట్టంలో కొంత భాగాన్ని మరొక గొట్టంపై జారేటట్లు అమర్చారు. బయటకు జరిపినకొద్దీ నిడివి పెరుగుతుంది, శ్రుతి దిగుతుంది. ఈ జారుడుకు ఏడు స్థానాలు. ఒక్కొక్క స్థానానికి ఒక్కొక్క స్వరస్థానం చొప్పున కిందికి వస్తుంది. వీణకున్నట్లు దీనికి మెట్లు లేవు. గోటువాద్యంలో వలె, చెవి చెప్పిన చోటనే చెయ్యి ఆగాలి. ఇటాలియన్ భాషలో ట్రాంబోన్ అంటే పెద్ద బాకా అని అర్థం. 19వ శతాబ్దపు రెండవ దశకంలో బాకాలకు మీటలు అమర్చేంత వరకు, ఇత్తడి వాయిద్యాలలో అన్ని స్వరస్థానాలనూ ధారాళంగా పలికించగలిగింది దాదాపు ఇదొక్కటే.

కనుకనే చర్చి దీనిని చేరదీసింది. గాయకుల గొంతు ఎటు నడిస్తే అటు నడవగల ఇత్తడి వాయిద్యం మరొకటి లేదు గదా! వెనిస్ నగరంలోని సెయింట్ మార్క్ ఆలయంలో పనిచేసిన జొవాన్ని గాబ్రియేలి 1597లో అచ్చువేయించిన ఒక ప్రసిద్ధ సొనాటాలో ఎనిమిది వాయిద్యాలుంటే అందులో ఆరు ట్రాంబోన్లే. 1607లో మాంటెవెర్డి తన ఓర్ఫెయో సంగీతనాటకంలో పాతాళలోకపు చీకటిని వినిపించడానికి వీటినే పిలిచాడు. 1629లో హైన్రిష్ షుట్జ్, కొడుకును పోగొట్టుకొన్న దావీదు రాజు విలాపానికి నాలుగు ట్రాంబోన్లను తోడుగా ఇచ్చాడు. జర్మన్ భాషలో ట్రాంబోన్‌ను పొసౌనె అంటారు. కడపటి దినాన మృతులను లేపే బాకాకు లూథర్ తన బైబిలు అనువాదంలో వాడిన మాటా అదే. మోత్సార్ట్ 1787లో డాన్ జొవాన్ని నాటకంలో చనిపోయినవాడి శిలావిగ్రహం మాట్లాడే చోట వీటిని ప్రవేశపెట్టాడు. 1791లో తాను పూర్తిచేయకుండానే కన్నుమూసిన రెక్వియంలో, తీర్పుదినపు బాకా మోగే ఘట్టాన్ని ఒంటరి ట్రాంబోన్‌కు అప్పగించాడు. మనకు నాదస్వరం మంగళవాద్యమైనట్లే, ఆ దేశాల శ్రోతలకు ఇది దైవాన్నీ మృత్యువునూ తలపించే వాద్యమైంది.

ఈ నేపథ్యం తెలిశాక ఆ ముగ్గురి నిరీక్షణ నాకు అర్థమైంది. 1808 డిసెంబరు 22న వియన్నాలో అయిదవ సింఫనీ మొదటిసారి వినిపించినప్పుడు, మూడవ భాగపు చీకటి నుంచి విరామం లేకుండా నాలుగవ భాగపు వెలుగులోకి అడుగుపెట్టే క్షణాన ట్రాంబోన్లు గొంతు విప్పాయి. స్వీడన్‌లో ఎగ్గెర్ట్ అనే స్వరకర్త అంతకు ఒక ఏడాది ముందే సింఫనీలో వీటిని వాడినా, లోకం గుర్తుపెట్టుకొన్నది బీథోవెన్‌నే. ఆలయానికీ సమాధికీ చెందిన గొంతును ఆయన విజయోత్సవానికి పిలిచాడు. అయినా పాత బంధం తెగలేదు. 1812లో లింజ్ నగరంలో మృతుల స్మరణదినం కోసం ఆయనే నాలుగు ట్రాంబోన్లకు మూడు చిన్న రచనలు చేశాడు. 1827 మార్చి 29న ఆయన అంతిమయాత్రలో వాటిలో రెండింటిని వినిపించారు. తన వీడ్కోలు సంగీతాన్ని పదిహేనేళ్ళ ముందే రాసిపెట్టుకొన్నట్లయింది!

అట్లాంటిక్ సముద్రానికి ఆవల కూడా ఈ వాయిద్యానిది ఇదే వృత్తి. పెన్సిల్వేనియాలోని బెత్లెహెంలో స్థిరపడిన మొరేవియన్ క్రైస్తవులకు 1754లో ట్రాంబోన్ మేళం ఏర్పడింది. ఎవరైనా చనిపోతే ఎత్తైన చోటి నుంచి ఆ మేళం ఊదేది. పోయినవారు వివాహితులా, వితంతువులా, పిల్లలా అన్నదాన్ని బట్టి బాణీ మారేది. పొలంలో ఉన్నవారికి మాట అవసరం లేకుండానే కబురు అందేది.

అక్కడికి చాలా దూరాన, దక్షిణాన ఉన్న న్యూ ఆర్లీన్స్‌లో కథ మలుపు తిరిగింది. బీమా సంస్థలు దగ్గరకు రానివ్వని నల్లజాతివారు తమలో తాము చందాలు వేసుకొని పరస్పర సహాయ సంఘాలు పెట్టుకొన్నారు. వైద్యానికి సాయం, గౌరవంగా ఖననం, వెంట బ్యాండు, ఇవి సభ్యుడికి దక్కేవి. శ్మశానం దాకా బ్యాండు నెమ్మదిగా, భారంగా కీర్తనలు వాయిస్తుంది. సమాధి దగ్గర సెలవు తీసుకొన్నాక, తిరుగుదారిలో అదే బ్యాండు హుషారైన బాణీలు అందుకొంటుంది. వెనుక జనం నాట్యమాడుతూ నడుస్తారు. జారుడు గొట్టం ఎదుటివారి వీపుకు తగలకుండా ఉండాలి కనుక బ్యాండులో ముందువరుస ట్రాంబోన్లదే. అంటే శోకానికీ సంతోషానికీ దారి తీసేది ఆ వాయిద్యమే.

ఆ దారిన వచ్చినవాడు కిడ్ ఓరీ. 1886లో లూసియానాలోని లాప్లాస్‌లో పుట్టాడు. స్వరం నుంచి స్వరానికి పాకుతూ పోయే జారును, చర్చిలో దాచుకొన్న ఆ గుణాన్ని, బాహాటంగా నవ్వులాగా వాడుకొన్నాడు. 1922లో లాస్ ఏంజెలెస్‌లో ఆయన బృందం రికార్డులిచ్చింది. న్యూ ఆర్లీన్స్ నల్లజాతి జాజ్ బృందాలలో అవి తొలి రికార్డులు. తరువాత ఆర్థికమాంద్యం రోజులలో కోళ్ళు పెంచుకొని బ్రతికాడు. 1944లో ఆర్సన్ వెల్స్ రేడియో కార్యక్రమం ఆయన బృందాన్ని మళ్ళీ లోకానికి వినిపించింది. ఏప్రిల్ 19న ప్రసారానికి కొన్ని గంటల ముందే ఆ బృందపు క్లారినెట్ విద్వాంసుడు జిమ్మీ నూన్ మరణించాడు. మిగిలినవారు కార్యక్రమం మానలేదు. ఆయన కోసం ఒక బ్లూస్ వాయించారు.

ఇక డ్యూక్ ఎలింగ్టన్ బృందంలోని ట్రిక్కీ శామ్ నాంటన్. కుళాయి పనివారు వాడే రబ్బరు డొప్పను గొట్టం మూతికి అడ్డుపెట్టి తీస్తూ, ట్రాంబోన్ చేత మనిషిలాగా మాట్లాడించాడు, ఏడిపించాడు, సణిగించాడు. 1927 నాటి బ్లాక్ అండ్ టాన్ ఫాంటసీలో ఆయన గొంతు వెక్కిరిస్తూ నవ్వుతుంది. ఆ రచన ముగిసేది మాత్రం షోపాన్ శవయాత్రా సంగీతపు ఛాయతో. పాతాళం నుంచి బయలుదేరిన వాయిద్యం తన పుట్టిల్లు మరిచిపోలేదు.

ఇప్పుడు నా స్వంత కారణం. మా నాన్నగారు పోయినప్పుడు ఊళ్ళో అంతిమయాత్రకు డప్పుల మేళం వచ్చింది. కొంతదూరం వెళ్ళేసరికి దరువు హుషారందుకొంది. ముందు ఇద్దరు కుర్రవాళ్ళు అడుగులు వేశారు. దుఃఖంలో ఉన్న నాకు అది అపచారంగా తోచింది. కోపంగా ఆపమన్నాను. వారిలో పెద్దాయన మారుమాటాడలేదు. డప్పును చంకకు ఆనించుకొని, మిగిలిన దారంతా మౌనంగా మాతోబాటు నడిచాడు. చదువుకొన్నవాడినన్న అహంకారం తప్ప ఆనాడు నా దగ్గర మరేమీ లేదని ఇప్పుడు అనిపిస్తుంది.

ఆ రాత్రి కచేరీలో, ఒడిలో వాయిద్యం పెట్టుకొని ఎదురుచూస్తున్న ఆ ముగ్గురిని చూసినప్పుడు నాకు గుర్తుకు వచ్చింది ఆయనే. వారికి నాలుగవ భాగం వచ్చింది. ఆయనకు నేను రానివ్వలేదు.