లక్కలో నిలిచిన నాదం

సంగీతం కాలంలో పుట్టి కాలంలోనే లయించే కళ. కావ్యానికి తాటాకు దొరికినది, శిల్పానికి రాయి దొరికినది. నాదానికి మాత్రం మనిషి గొంతు, మనిషి జ్ఞాపకం తప్ప వేరొక ఆధారం యుగాల తరబడి దొరకలేదు. 1877లో అమెరికాలో ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించిన తరువాత ఈ స్థితి మారినది. ఆ మార్పు ఒక జాతి సంగీతాన్ని ఏ విధంగా తీర్చిదిద్దినదో తెలుసుకొనడానికి ఇంగ్లండు చరిత్ర మంచి నిదర్శనం. సంగీతం లేని దేశమని జర్మనులచేత చిరకాలం ఎగతాళి చేయించుకొన్న దేశమది. దాని వాద్యబృంద సంగీతం తలయెత్తుకొన్న కాలమూ, నాదాన్ని ముద్రించే యంత్రం ఎదిగిన కాలమూ ఒక్కటే కావడం విశేషం.

ఆంగ్లేయులకు బృందగానం మీద మక్కువ పాతది. హాండెల్ కూర్చిన ఆరటోరియోలను, అనగా రంగాలంకరణ లేకుండా కథను గానంలో నడిపించే దీర్ఘకృతులను, వేలమంది గాయకులు కలిసి పాడే ఉత్సవాలు పందొమ్మిదవ శతాబ్దిలో అక్కడ జాతరలవలె జరిగేవి. 1888 జూన్ 29వ తేదీన లండనులోని క్రిస్టల్ ప్యాలెస్‌లో సుమారు 4,000 మంది గాయకులు ఆగస్ట్ మాన్స్ నాయకత్వంలో హాండెల్ రచించిన ‘ఇజ్రాయెల్ ఇన్ ఈజిప్ట్’ పాడుచుండగా, ఎడిసన్ ప్రతినిధి కర్నల్ గూరో మైనపు గొట్టాల మీద ఆ ధ్వనిని పట్టినాడు. ఆ గొట్టాలలో కొన్ని నేటికీ మిగిలి ఉన్నవి. వింటే గరగరల వెనుక, ఎక్కడో కొండ అవతల పాడుచున్నట్లు, ఒక జనసముద్రపు హోరు వినవస్తుంది. మాట తెలియదు, స్వరం సరిగా తెలియదు. అయినను అంతమంది ఒక్క శ్వాసతో పాడినారన్న సత్యం మాత్రం తెలియుచున్నది.

తరువాత నలభై ఏండ్ల వరకు యంత్రం పెద్ద బృందాలకు లొంగలేదు. ఆనాటి పద్ధతిలో విద్యుత్తు లేదు. గది గోడలోనుండి పొడుచుకొని వచ్చిన ఒక రేకుబూరా ముందర వాద్యకారులు ఒకరినొకరు ఒరుసుకొంటూ కూర్చొనేవారు. బూరాలో చేరిన ధ్వనిబలమే సూదిని కదిలించి మైనం మీద గాడి గీయవలెను. ఒంటి గొంతుకు ఇది చాలును. కనుకనే తొలి రికార్డులలో గాయకులకే పెద్దపీట. సన్నని తీగల ధ్వని బూరాకు అందేది కాదు. వయొలిన్‌కు చెక్కపెట్టె తీసివేసి రేకుబూరా తగిలించిన స్ట్రో వయొలిన్లు వాడేవారు; మంద్రస్థాయి తీగవాద్యాల పనిని ట్యూబా అనే ఇత్తడి వాద్యానికి అప్పగించేవారు. రికార్డుకు ఒక్కొక్క ముఖం మీద నాలుగు నిమిషాలు దాటి ఇమడదు.

ఈ ఇరుకు గదిలోనికి 1914 జనవరి 21న ఎడ్వర్డ్ ఎల్గార్ అడుగుపెట్టినాడు. 1857లో వూస్టర్ సమీపాన ఒక సంగీతవాద్యాల వర్తకుని ఇంట పుట్టి, విశ్వవిద్యాలయాల ప్రాపకం లేకుండా స్వయంకృషితో దేశానికి ప్రథమ స్వరకర్తగా పేరుగాంచిన వాడాయన. ఆనాడు రికార్డు చేసినది ‘కారిసిమా’ అనే చిన్న రచన. పెద్ద స్వరకర్తలు పలువురు ఈ యంత్రాన్ని ఆటబొమ్మగా ఎంచిన రోజులవి. ఎల్గార్ దానిని గౌరవించినాడు. 1916లో తన వయొలిన్ కాన్సెర్టోను మేరీ హాల్ అనే విదుషీమణిచేత వాయింపించి రికార్డు చేసినప్పుడు, సుమారు యాభై నిమిషాల కృతిని నాలుగు ముఖాలకు, అనగా పావుగంటకు, తానే కుదించినాడు. బృహత్కావ్యాన్ని బాలల కథగా సంక్షేపించడం ఎంత కష్టమో అనువాదకులమైన మనకు తెలియును. అంగచ్ఛేదమని కొందరు చింతించవచ్చును. కాని కచేరీశాల గడప తొక్కని వేలాది ఇండ్లకు ఆ కృతి ఆ రూపంలోనే చేరినది.

ఎల్గార్‌కు గ్రామఫోన్ కంపెనీ తరఫున ఆప్తుడైన వాడు ఫ్రెడ్ గైస్‌బర్గ్. ఈ పేరు భారతీయులకు కొత్త కారాదు. 1902 నవంబరులో కలకత్తాకు యంత్రం మోసుకొని వచ్చి, గౌహర్ జాన్ గానాన్ని తొలిసారి రికార్డు చేసిన వాడితడే. ఆమె ఖయాలును మూడు నిమిషాలలో ముగించిన నేర్పును చూచిన మనిషే, తరువాతి కాలంలో ఎల్గార్ సింఫనీలను నాలుగేసి నిమిషాల ముక్కలుగా విభజించే పనిని నడిపించినాడు. ఇంకొక బంధం ఇంతకన్న గట్టిది. ఆ నల్లని రికార్డులు చేసిన ముద్దకు ప్రాణం లక్క. లక్కకు ప్రపంచంలో ముఖ్యమైన పుట్టినిల్లు మన దేశం. ఛోటానాగ్‌పూర్ అడవులలో చెట్ల కొమ్మలనుండి గీకి తీసిన లక్క ఓడలెక్కి ఇంగ్లండు చేరి, అక్కడి సింఫనీలను మోసినది. భారతకథలో లక్కయిల్లు కాలిపోవడానికి కట్టినది. ఈ లక్కయిల్లు నాదం నిలువడానికి కట్టినది. అయితే ఇదీ పెళుసే. చేయి జారితే పగిలిపోవును.

1925లో మైక్రోఫోనుతో కూడిన విద్యుత్ పద్ధతి వచ్చినది. గోడలు తొలగిపోయినట్లయినది. యంత్రం గదినుండి బయలుదేరి సభామందిరాలకు, ప్రార్థనాలయాలకు నడిచినది. 1927 ఫిబ్రవరి 26న లండను రాయల్ ఆల్బర్ట్ హాలులో ఎల్గార్ నాయకత్వాన ‘ది డ్రీమ్ ఆఫ్ జెరాన్షియస్’ జరుగుచుండగా అందలి భాగాలను సభలోనే రికార్డు చేసినారు. అదే సంవత్సరం సెప్టెంబరులో హెర్‌ఫర్డ్ నగరపు ఉత్సవంలో మరికొన్ని భాగాలు పట్టినారు. న్యూమన్ కావ్యం ఆధారంగా, మరణశయ్య మీద ఉన్న ఒక మనిషి ఆత్మ పరలోక న్యాయస్థానానికి సాగే యాత్రను వర్ణించే కృతి ఇది. 1900లో బర్మింగ్‌హామ్‌లో సాధన చాలక తొలి ప్రదర్శన చెడిపోయినది. జర్మనీలో ఆదరణ పొందిన తరువాతనే స్వదేశం దానిని అక్కున చేర్చుకొన్నది. ఆ 1927 రికార్డులలో శ్రోతల దగ్గులు కూడ వినబడును. పూర్తి కృతి ఎల్గార్ నాయకత్వంలో ఎన్నడూ రికార్డు కాలేదు. మిగిలినవి తునకలే. శాసనశకలాలు చదివే చరిత్రకారునివలె నేటి శ్రోత వాటిని జతపరచుకొనవలెను.

1931 నవంబరు 12న ఆబీ రోడ్ స్టూడియో ప్రారంభమైనది. లండన్ సింఫనీ ఆర్కెస్ట్రాను నడిపినవాడు ఎల్గారే. మరుసటి సంవత్సరం జూలైలో అక్కడనే పదహారేండ్ల యెహూదీ మెనూహిన్ ఆ వయొలిన్ కాన్సెర్టోను, ఈసారి సమగ్రంగా, డెబ్బది అయిదేండ్ల స్వరకర్త సమక్షంలో వాయించినాడు. ఇరువురికి నడుమ అరువది ఏండ్ల అంతరం. గురుశిష్య పరంపరలో తాతనుండి మనుమనికి విద్య దిగివచ్చినట్లు ఆ రికార్డు వినిపించును. ఈ మెనూహినే 1952లో భారతదేశం వచ్చి, మన సంగీతానికి పాశ్చాత్య దేశాలలో ఆప్తమిత్రుడైనాడు.

1934 జనవరి 22నాటి ఘట్టం ఈ చరిత్రలో కరుణరసాత్మకం. అంతిమవ్యాధితో ఎల్గార్ వూస్టర్‌లో మంచం పట్టినాడు. లండను స్టూడియోలో వాద్యకారులు లారెన్స్ కాలింగ్‌వుడ్ నాయకత్వాన ఆయన ‘కరాక్టకస్’ కృతినుండి భాగాలు వాయించుచుండగా, టెలిఫోను తీగ ద్వారా ఆయన పడక మీదనుండి విని సూచనలు ఇచ్చినాడు. ఒక నెల గడచినది. ఫిబ్రవరి 23న ఆయన కన్నుమూసినాడు.

స్వరకర్త స్వయంగా నిలిపిపోయిన నాదం మనచేత ఉన్నది గనుక, అదే కృతికి తుదితీర్పా? ఈ ప్రశ్న సాహిత్యకారులకును సంబంధించినదే. ఎల్గార్ తన లిపిలో ప్రతి స్వరం మీద గుర్తులు కిక్కిరిసేట్లు వ్రాసినవాడు. ఆయన రికార్డులు వింటే, ఆ గుర్తులను తానే సందర్భాన్నిబట్టి సడలించుకొన్నాడని స్పష్టమగును. తరువాతివారు గంభీరంగా, నిదానంగా నడిపిన చోట్ల ఆయన పరుగు తీయించినాడు. తీగవాద్యకారులు ఒక స్వరంనుండి మరొక స్వరానికి జారుచు వెళ్ళేవారు. మన ‘జారు’ గమకాన్ని తలపించే ఈ అలవాటు తరువాతి తరాలలో క్రమంగా అణగారినది. లిపిలో దాని జాడ కనబడదు. లిపి చెప్పని విషయాన్ని రికార్డు చెప్పినది. రికార్డు చెప్పేది కూడ సర్వస్వం కాదు. నాలుగు నిమిషాల ముఖం ముగియబోవుచున్నదన్న తొందర ఆ వేగంలో ఎంత కలిసినదో ఎవరు వేరుచేయగలరు? గుస్తావ్ హోల్‌స్ట్ తన ‘ది ప్లానెట్స్’ను బూరా పద్ధతిలో ఒకసారి, 1926లో విద్యుత్ పద్ధతిలో ఇంకొకసారి, రెండుమార్లు రికార్డు చేసినాడు. ఒకే కర్త, ఒకే కృతి; భాష్యాలు మాత్రం రెండు. త్యాగరాజ కృతులకు ఉమయాళ్పురం, తిల్లస్థానం, వాలాజపేట శిష్యపరంపరల పాఠాంతరాలు ఉన్నందున కృతి చిన్నబోలేదు గదా. కర్త స్వరం ప్రథమభాష్యం. గౌరవార్హం, అంతిమం కాదు.

హోల్‌స్ట్ పేరు వచ్చినది గనుక ఒక మాట. ఈయన లండన్ యూనివర్సిటీ కాలేజీలో సంస్కృతం చదివి, ఋగ్వేద సూక్తాలను తానే ఆంగ్లీకరించి బృందగానాలుగా కూర్చినాడు. మహాభారతంలోని సావిత్రి కథను ముగ్గురు గాయకులతో, పన్నెండు వాద్యాలతో, మాటలు లేని స్త్రీబృందంతో చిన్న సంగీతరూపకంగా మలచినాడు; అది 1916లో తొలిసారి ప్రదర్శింపబడినది. వాద్యమేదీ తోడులేకుండా, తెరవెనుకనుండి మృత్యువు పిలిచే పిలుపుతో రూపకం మొదలగును. అరణ్యపర్వశేషంలో ఎఱ్ఱన తెనిగించిన సావిత్రి, వరం తరువాత వరంగా, మామకు చూపును, రాజ్యాన్ని, తండ్రికి పుత్రులను అడిగి యముని మాటలో పట్టును. హోల్‌స్ట్ ఆ వరాల వరుసను తీసివేసినాడు. అతని సావిత్రి తనకు నిండైన జీవితం కావలెనని మాత్రమే అడుగును. భర్త లేక ఆ నిండుదనం లేదని మృత్యువు గ్రహించును. అనువాదంలో ఇట్టి త్యాగాలు తప్పవు. ఈ త్యాగం వలన కథ మూలబలం చెడలేదు. 1965లో కర్త కుమార్తె ఇమోజెన్ హోల్‌స్ట్ నాయకత్వంలో, జానెట్ బేకర్ సావిత్రిగా పాడగా, ఆర్గో సంస్థ దీనిని రికార్డు చేసినది. అర్ధశతాబ్ది ముందు పుట్టిన రూపకం ఆ రికార్డు ద్వారా దేశదేశాల ఇండ్లకు చేరినది.

రెండవ ప్రపంచయుద్ధం ముగియవచ్చిన వేళ, 1945 ఏప్రిల్‌లో, బ్రిటిష్ కౌన్సిల్ అండతో ‘జెరాన్షియస్’ సంపూర్ణంగా రికార్డయినది. మాల్కం సార్జెంట్ నాయకుడు. పాడినది హడర్స్‌ఫీల్డ్ బృందగాన సంఘం. వర్తకం మోయలేని బరువును ప్రజాధనం మోసినది. 1950లో ఇంగ్లండులో దీర్ఘవాదన రికార్డులు వచ్చి, నాలుగు నిమిషాల సంకెల తెగినది. 1959లో రిచర్డ్ ఇట్టర్ స్థాపించిన లిరిటా సంస్థ, పెద్ద సంస్థలు ఉపేక్షించిన ఆంగ్ల స్వరకర్తలను వెదకి వెదకి రికార్డు చేసినది. 1963 జనవరిలో బెంజమిన్ బ్రిటన్ తన ‘వార్ రిక్వియమ్’ను తానే నడిపి డెక్కా సంస్థకు రికార్డు చేసినాడు. యుద్ధంలో మరణించిన విల్‌ఫ్రెడ్ ఓవెన్ కవితలను లాటిన్ శాంతిప్రార్థనతో పెనవేసిన కృతి అది. రష్యా, ఇంగ్లండు, జర్మనీ దేశాల గాయకులు ముగ్గురు అందులో కలిసి పాడినారు. ఓవెన్ చివరిసారి ఇల్లు విడుచుచు తల్లికి వినిపించినవి రవీంద్రుని గీతాంజలి మాటలే అన్న సంగతిని ఆ తల్లి 1920లో రవీంద్రునికి వ్రాసిన లేఖ తెలుపుచున్నది.

1965లో ఎల్గార్ చెల్లో కాన్సెర్టోను ఇరువది ఏండ్ల జాక్లిన్ డు ప్రె వాయించిన రికార్డు జగత్ప్రసిద్ధమైనది. బృందాన్ని నడిపిన జాన్ బార్బిరోలి, 1919లో ఆ కృతి మొదటి ప్రదర్శన నాడు వాద్యబృందంలో చెల్లో వాయించిన యువకుడు. మనిషి జ్ఞాపకమూ యంత్రపు జ్ఞాపకమూ ఆ రికార్డులో చేయి కలిపినవి.

ఈ చరిత్రనుండి మనం గ్రహించవలసినది ఒకటున్నది. తాళ్లపాక కవుల సంకీర్తనలు వేలకొలది రాగిరేకుల మీద తిరుమలలో నిలిచినవి. పదాలు నిలిచినవి, రాగాల పేర్లు నిలిచినవి. అన్నమయ్య పాడిన వరుస మాత్రం నిలువలేదు. రాగిరేకు చేయలేని పనిని లక్కరేకు చేసినది. కాని అది ఆలస్యంగా వచ్చినది. మన పద్యపఠన రీతులు, అవధాన సభల ధారణలు, పల్లెలలోని బుఱ్ఱకథల, జముకుల కథల బాణీలు గ్రంథాలలో పదాలుగా దొరకును. ధ్వనిగా అన్నియు దొరకవు. ఈనాడు ప్రతి చేతిలోను యంత్రమున్నది. పట్టడం సులభమైనది, ఎవరిని, ఏ ఊరిలో, ఏ సంవత్సరంలో పట్టినామో వ్రాసిపెట్టి భద్రపరచడమే కొరవడినది. ఆంగ్లేయులు తమ స్వరకర్త మంచం దగ్గరకు తీగ లాగి వినిపించినారు. మన వృద్ధకవుల వాకిటికి నడిచి వెళ్ళి వినడం అంతకన్న కష్టమైన పని కాదు.