మధ్యశ్రేణి బహుళ ప్రయోజన యుద్ధ విమానాల పోటీ

మధ్యశ్రేణి బహుళ ప్రయోజన యుద్ధ విమానాల పోటీ (ఎం.ఎం.ఆర్.సి.ఏ.) భారతీయ వాయుసేనకు 126 యుద్ధ విమానాలను ఎంపిక చేయడానికి భారత రక్షణ మంత్రిత్వ శాఖ నిర్వహించిన అంతర్జాతీయ టెండరు. 2007లో ఆరు విమానాలతో మొదలైన ఈ పోటీలో 2012లో ఫ్రాన్సుకు చెందిన రఫేల్ ఎంపికైనది. అయితే ఒప్పందం కుదరనందున 2015లో టెండరును ఉపసంహరించారు. దాని స్థానంలో 36 రఫేల్ విమానాలను రెండు ప్రభుత్వాల మధ్య ఒప్పందం ద్వారా కొనుగోలు చేశారు. ఈ విమానాలకు సంబంధించిన కొన్ని పరిశ్రమలు తరువాతి కాలంలో హైదరాబాదుకు రావడం వలన తెలంగాణకు కూడా ఈ విషయంతో సంబంధం ఏర్పడింది.

నేపథ్యం

1999 కార్గిల్ యుద్ధంలో మిరాజ్-2000 విమానాలు బాగా ఉపయోగపడ్డాయి. దీంతో వాయుసేన మొదట అదే రకం విమానాలను మరికొన్ని కొనాలని భావించింది. కాలం చెల్లుతున్న మిగ్-21ల స్థానాన్ని భర్తీ చేయడం దీని ఉద్దేశం. కాని ఒకే సంస్థ నుండి నేరుగా కొనడానికి బదులు పోటీ నిర్వహించాలని ప్రభుత్వం నిర్ణయించింది. ఈలోగా మిరాజ్-2000 ఉత్పత్తి ముగియడంతో దాని తయారీదారైన దసో సంస్థ రఫేల్‌ను ముందుకు తెచ్చింది.

2007 ఆగస్టు 28న టెండరు పత్రాలు జారీ అయ్యాయి. అప్పటి అంచనా వ్యయం సుమారు 42,000 కోట్ల రూపాయలు. 18 విమానాలను తయారైన స్థితిలో కొని, మిగిలిన 108 విమానాలను సాంకేతిక బదిలీతో హిందుస్తాన్ ఏరోనాటిక్స్ లిమిటెడ్ (హెచ్.ఏ.ఎల్.) భారతదేశంలో తయారు చేయాలన్నది షరతు. ఒప్పందం విలువలో 50 శాతానికి సమానమైన పనిని గెలిచిన సంస్థ భారతీయ పరిశ్రమలకు ఇవ్వాలి. దీనిని ఆఫ్‌సెట్ అంటారు.

పోటీలోని విమానాలు

* రఫేల్ - ఫ్రాన్సు, దసో. రెండు ఎం88 ఇంజన్లు, ఒక్కొక్కటి సుమారు 75 కిలోన్యూటన్లు. గరిష్ఠ బరువు 24.5 టన్నులు. వాయుసేన, నౌకాదళం రెండింటికీ వేర్వేరు రూపాలున్నాయి.
* యూరోఫైటర్ టైఫూన్ - జర్మనీ, బ్రిటన్, ఇటలీ, స్పెయిన్ ఉమ్మడి తయారీ. రెండు ఈజే200 ఇంజన్లు, ఒక్కొక్కటి సుమారు 90 కిలోన్యూటన్లు. గరిష్ఠ బరువు 23.5 టన్నులు. గగనతల పోరాటానికి పేరు పొందినది.
* ఎఫ్/ఏ-18 సూపర్ హార్నెట్ - అమెరికా, బోయింగ్. రెండు ఎఫ్414 ఇంజన్లు, ఒక్కొక్కటి సుమారు 98 కిలోన్యూటన్లు. గరిష్ఠ బరువు సుమారు 30 టన్నులు. విమానవాహక నౌకల కొరకు రూపొందించినది.
* ఎఫ్-16ఐఎన్ సూపర్ వైపర్ - అమెరికా, లాక్‌హీడ్ మార్టిన్. ఒకే ఇంజన్, సుమారు 143 కిలోన్యూటన్లు. పాకిస్తాన్ వాయుసేన కూడా ఎఫ్-16లను వాడుతుండడం భారతదేశంలో చర్చకు కారణమైనది.
* మిగ్-35 - రష్యా. రెండు ఆర్‌డి-33 శ్రేణి ఇంజన్లు. భారత్ అప్పటికే వాడుతున్న మిగ్-29కి అభివృద్ధి చేసిన రూపం.
* గ్రిపెన్ - స్వీడన్, సాబ్. ఒకే ఎఫ్414 శ్రేణి ఇంజన్. ఆరింటిలోకీ తేలికైనది. పొట్టి రన్‌వేల నుండి, రహదారుల నుండి కూడా ఎగరగలదు.

రెండు ఇంజన్లున్న విమానం ఎక్కువ ఆయుధాలను మోస్తుంది. ఒక ఇంజను చెడినా తిరిగి రాగలదు. ఒకే ఇంజన్ విమానానికి కొనుగోలు ధర, ఇంధనం, మరమ్మతుల ఖర్చు తక్కువ. అందువల్ల ఇవన్నీ నిజానికి ఒకే తరగతివి కావనీ, వీటిని ఒకే త్రాసులో తూచడం కష్టమనీ విమర్శ వచ్చింది.

పరీక్షలు, ఎంపిక

వాయుసేన 643 సాంకేతిక అంశాలను నిర్ణయించి, 2009-10లో బెంగుళూరు, జైసల్మేర్, లేహ్ లలో విమానాలను పరీక్షించింది. జైసల్మేర్ ఎడారి వేడికి, లేహ్ ఎత్తుకు ఎన్నికైనవి. లేహ్ విమానాశ్రయం సముద్ర మట్టానికి 3,200 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. అక్కడ గాలి పలుచగా ఉండడం వలన ఇంజను బలం, రెక్కల ఎత్తుబలం రెండూ తగ్గుతాయి. మైదానంలో సులువుగా లేచే విమానం అక్కడ అదే బరువుతో లేవలేకపోవచ్చు.

2011 ఏప్రిల్‌లో రఫేల్, టైఫూన్ మాత్రమే తరువాతి దశకు ఎంపికయ్యాయి. అమెరికా విమానాలు రెండూ తొలగిపోవడంపై ఆ దేశపు రాయబారి తిమోతీ రోమర్ నిరాశ వ్యక్తం చేశాడు. తుది దశలో కొనుగోలు ధరతో పాటు, దశాబ్దాల పాటు విమానాన్ని నడపడానికి, మరమ్మతులకు అయ్యే మొత్తం ఖర్చును లెక్కించారు. దీనిని జీవితకాల వ్యయం అంటారు. ఈ లెక్కలో తక్కువ ధర రఫేల్‌దని 2012 జనవరి 31న ప్రకటించారు.

రద్దు, 36 విమానాల ఒప్పందం

తదుపరి చర్చలు మూడేళ్ళు సాగినా ఫలించలేదు. హెచ్.ఏ.ఎల్. తయారు చేసే 108 విమానాల నాణ్యతకు ఎవరు బాధ్యత వహించాలి, వాటి తయారీకి ఎన్ని పని గంటలు పడతాయి అన్నవి ప్రధాన వివాదాంశాలు. 2015 ఏప్రిల్ 10న పారిస్ పర్యటనలో ప్రధాని నరేంద్ర మోడీ 36 విమానాల కొనుగోలును ప్రకటించాడు. అదే సంవత్సరం జులైలో పాత టెండరును ఉపసంహరించినట్లు రక్షణ మంత్రి మనోహర్ పారికర్ రాజ్యసభకు తెలిపాడు. 2016 సెప్టెంబరు 23న సుమారు 7.87 బిలియన్ యూరోల విలువైన ఒప్పందం కుదిరింది.

ధర, హెచ్.ఏ.ఎల్. పాత్ర లేకపోవడం, ఆఫ్‌సెట్ భాగస్వాముల ఎంపికలపై ప్రతిపక్షాలు తీవ్ర ఆరోపణలు చేశాయి. ప్రభుత్వం వాటిని తోసిపుచ్చింది. విచారణ కోరిన పిటిషన్లను సుప్రీం కోర్టు 2018 డిసెంబరు 14న, పునఃపరిశీలన పిటిషన్లను 2019 నవంబరు 14న కొట్టివేసింది. కొత్త ఒప్పందం పాత ప్రతిపాదన కంటే 2.86 శాతం చౌక అని కాగ్ 2019 నివేదికలో పేర్కొంది.

మొదటి ఐదు విమానాలు 2020 జులై 29న అంబాలా చేరాయి. 2022 డిసెంబరుకు మొత్తం 36 అందాయి. ఇవి అంబాలా, హాసిమారా స్థావరాలలో ఉన్నాయి. 2025 ఏప్రిల్‌లో నౌకాదళానికి 26 రఫేల్ మెరైన్ విమానాల కొనుగోలుకు మరో ఒప్పందం జరిగింది.

హైదరాబాదుతో సంబంధం

పోటీలో ఓడిన సంస్థలు కూడా తరువాత హైదరాబాదుకు వచ్చాయి. నగర శివార్లలోని ఆదిభట్లలో టాటా, లాక్‌హీడ్ మార్టిన్ ఉమ్మడి సంస్థ సి-130జె రవాణా విమానాల తోక భాగాలను తయారు చేస్తూ, ఎఫ్-16 రెక్కల తయారీని కూడా చేపట్టింది. టాటా, బోయింగ్ ఉమ్మడి కర్మాగారం 2018లో అక్కడే ప్రారంభమై అపాచీ హెలికాప్టర్ల ప్రధాన భాగాలను తయారు చేస్తున్నది. 2025 జూన్‌లో దసో, టాటా అడ్వాన్స్‌డ్ సిస్టమ్స్ సంస్థలు రఫేల్ మధ్యదేహాన్ని (ఫ్యూజ్‌లాజ్) హైదరాబాదులో తయారు చేయడానికి ఒప్పందాలు చేసుకున్నాయి. ఈ భాగాన్ని ఫ్రాన్సు వెలుపల తయారు చేయడం ఇదే మొదటిసారి.

లోహపు పని నగర శివార్లలో జరుగుతుండగా, హైటెక్ సిటీ ప్రాంతంలో విమాన రంగానికి డిజైను సేవలు అందించే సంస్థలు పెరిగాయి. 1991లో ఇన్ఫోటెక్ ఎంటర్‌ప్రైజెస్ పేరుతో మొదలై, మాదాపూర్ కేంద్రంగా పనిచేసే సైయెంట్ వీటిలో ఒకటి. దేశీయ తేజస్ విమానం మోసే అస్త్ర క్షిపణిని హైదరాబాదులోని డి.ఆర్.డి.ఎల్. రూపొందించగా, భారత్ డైనమిక్స్ తయారు చేస్తున్నది.

ఫలితం

వాయుసేనకు మంజూరైన యుద్ధ విమాన స్క్వాడ్రన్లు 42. 126 విమానాలు వచ్చి ఉంటే ఆరేడు స్క్వాడ్రన్లు ఏర్పడేవి. 36 విమానాలతో ఏర్పడినవి రెండే. 2025 సెప్టెంబరు 26న చివరి మిగ్-21లు చండీగఢ్‌లో విరమించడంతో స్క్వాడ్రన్ల సంఖ్య 29కి తగ్గింది. మేలైన విమానాన్ని ఎంచుకోవడంలో ఈ పోటీ సఫలమైనా, కావలసిన సంఖ్యను సకాలంలో సమకూర్చలేకపోయింది.