రాగిరేకుకెక్కని ఉప్పెన

బందరు, అంటే మచిలీపట్నం, ఒకప్పుడు ఎలా ఉండేదని అడిగితే చరిత్ర తెలిసినవాళ్లు ఒక బొమ్మ చూపిస్తారు. ఫిలిప్ బాల్డేయస్ అని, సింహళంలో పనిచేసిన డచ్చి పాదిరి. 1672లో ఆమ్‌స్టర్‌డామ్‌లో అచ్చయిన ఆయన పుస్తకంలో ఉంది ఆ మచిలీపట్నం బొమ్మ. రాగిరేకు నుంచి కాగితం మీదికి దిగిన ఓడలు, వాటి వెనక పట్నం. సముద్రం వర్తకుడికి ఎలా ఉంటే ఇష్టమో అలాగే ఉంది అందులో.

రాగిరేకు పని తేలిక కాదు. ఉలితో చెక్కితే ఒక తీరు, ఎచింగ్ అయితే ఇంకో తీరు. ఎచింగులో రేకుకు మైనం పూత పూసి, సూదితో గీసి, ఆమ్లంలో పెడతారు. గీత పడ్డచోటల్లా ఆమ్లం రాగిని తింటుంది. ఆ గాట్లలో సిరా నింపి, పైది తుడిచేసి, తడికాగితం పరిచి బిగించి నొక్కితే బొమ్మ దిగుతుంది, కుడి ఎడమై. మెదక్ నిజాంపూర్‌లో పుట్టిన చిత్రకారుడు లక్ష్మాగౌడ్ ఎచింగులు చూసినవాళ్లకు ఆ గీత ఎంత సన్నగా కోస్తుందో తెలుసు.

మా ఇబ్రహీంపట్నానికి సముద్రం చాలా దూరం. పెద్దచెరువు నిండితే అదే మాకు సముద్రం. అయినా బందరును పరాయి ఊరనుకోలేం. మా ఊరు ఏ ఇబ్రహీం కుతుబ్‌షా పేరు మోస్తోందో, ఆ వంశంవాళ్ల రేవే అది. వాళ్ల గోల్కొండకు లోకం ఆ వాకిట్లోంచే వచ్చేది. డచ్చివాళ్లు వచ్చారు, 1611లో ఇంగ్లీషువాళ్లు దిగారు, 1669లో ఫ్రెంచివాళ్లు. అందరికీ కావలసింది ఒకటే, బట్ట. కరక్కాయ నీళ్లలో నాని, చిరివేరు ఎరుపు, నీలిమందు నీలం ఎక్కించుకున్న కలంకారీ. చెక్క అచ్చులు గుడ్డ మీద ఒత్తి పర్షియా దాకా పంపిన ఊరు అది. అచ్చు పని వాళ్లకు ఎవరూ నేర్పక్కర్లేదు.

బందరు పతనం ఒక్క రాత్రిలో వచ్చిందని చెప్పుకుంటారు గానీ అది సగం నిజమే. 1641లో ఇంగ్లీషువాళ్ల పెద్ద కచేరీ మద్రాసుకు పోయింది. 1687లో గోల్కొండే పడిపోయింది. 1759లో ఇంగ్లీషువాళ్ల కర్నల్ ఫోర్డ్ బందరు కోటను ఫ్రెంచివాళ్ల చేతిలోంచి లాక్కున్నాడు. ఆ తర్వాత మాంచెస్టర్ మరనేత బట్ట వచ్చి మగ్గాల నోట మట్టి కొట్టింది. దానికి తోడు తీరం దగ్గర లోతు లేదు. పెద్ద ఓడలు అయిదారు మైళ్ల అవతలే లంగరేసేవి, సరుకు పడవల్లో మోసేవాళ్లు. ఆ లోతు లేని నీరే చివరికి ప్రాణాంతకమైంది. తుఫాను తోసుకొచ్చిన సముద్రం దిగిపోవడానికి అడుగున చోటు లేక, పైకి లేచి ఊళ్ల మీద పడుతుంది.

1864 నవంబరు 1. దీపావళి అమావాస్య వెళ్లి రెండు రోజులే అయింది, పోటు ఇంకా బలంగానే ఉంది. రాత్రి గాలి విరుచుకుపడింది, దాని వెనకే నీళ్లు. మామూలు పోటు కంటే 13 అడుగుల ఎత్తున లేచిన ఉప్పెన చీకట్లో ఊళ్లోకి జొరబడింది. లోపలికి మైళ్ల కొద్దీ పోయింది. మట్టిగోడ, తాటాకు కప్పు ఆ నీటికి ఎంతసేపు ఆగుతాయి? ఎటు పరిగెత్తినా ఒకటే చదును. ఎక్కడానికి చిన్న గుట్టైనా లేదు. పల్లెకారులు, నేతగాళ్లు, అద్దకంవాళ్లు, బంట్రోతులు, దొరల పిల్లలు, అందరినీ ఒకే చీకట్లో కలిపేసింది. పోయినవాళ్లు సుమారు 30 వేలని లెక్క. బతికినవాళ్లకు తాగడానికి మంచినీళ్లు లేవు. బావులన్నీ ఉప్పుకట్టాయి.

బందరులో ఇప్పటికీ డచ్చివాళ్ల సమాధులున్నాయి. రాతి మీద వాళ్ల వంశచిహ్నాలు, పేర్లు పొందిగ్గా చెక్కి ఉంటాయి. రెండు వందల ఏళ్ల తర్వాత పోయిన మన 30 వేలమందికి మిగిలింది ఒక సంఖ్య, అదీ సున్నాలు కలిపి సరిచేసింది. నాకైతే ఇది ఉప్పెన కంటే తక్కువ నష్టంగా తోచదు.

ఆ ఏడే, నెల ముందు, అక్టోబరు 5న కలకత్తాను తుఫాను ముంచింది. అది రాజధాని, లండన్ కళ్లు అటే ఉండేవి. బందరు అప్పటికే పాతబడ్డ రేవు. దాని పేరు చెబితే ఈనాటికీ కళ్లముందుకొచ్చేది 1672 నాటి ఓడలే గాని 1864 నాటి శవాలు కావు. కోట పాడుబడింది. రైలు వచ్చేసరికి 1908 అయింది. అప్పటికి వర్తకం వేరే రేవులు చూసుకుంది.

అదే కృష్ణా తీరంలో, కాస్త దక్షిణాన, 1977 నవంబరు 19న సముద్రం దివిసీమ మీద పడింది. సర్కారు లెక్కే సుమారు 10 వేలమంది. ఈసారి కెమెరాలు వెళ్లాయి. తుమ్మచెట్లకు వేలాడిన శవాలు, ఉబ్బిన గొడ్లు దేశమంతా పత్రికల్లో కనిపించాయి. విరాళాలు కదిలాయి, మంత్రులు కదిలారు. తీరం పొడవునా తుఫాను రక్షణ భవనాలు ఆ తర్వాతే లేచాయి. మామూలు రోజుల్లో వాటిలో కొన్నిట్లో పిల్లలకు బడి నడుస్తుంది. హెచ్చరిక వస్తే బల్లలు పక్కకు జరిపి ఊరంతా ఎక్కుతుంది.