చచ్చిన చుక్కల చరిత్ర

కొత్త మానిటరు కొని, నల్లటి వాల్‌పేపరు పెట్టగానే మధ్యలో ఓ ఎర్ర చుక్క వెలుగుతూ కనబడిందనుకోండి. గుడ్డతో తుడుస్తాం, పోదు. గోటితో గీకుతాం, పోదు. షాపువాడికి ఫోన్ చేస్తే "ఒక్క చుక్కే కదండీ, అది డిఫెక్టు కిందికి రాదు" అంటాడు. మనకి ఒళ్ళు మండుతుంది. కానీ ఈ ఒక్క విషయంలో అతను నోటికొచ్చింది చెప్పట్లేదు. ఆ మాట వెనక ఓ అంతర్జాతీయ ప్రమాణం, దాని వెనక ముప్పై ఏళ్ళ కథా ఉన్నాయి.

పాత డబ్బా మానిటర్లకి ఈ జబ్బు లేదు. అక్కడ ఎలక్ట్రాన్ల ధార తెరంతా తిరుగుతూ బొమ్మ గీస్తుంది, చుక్కకో స్విచ్చి ఉండదు. వాటి రోగాలు వేరు: అంచులు వంకర పోవడం, రంగులు ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చోకపోవడం. 1968లో సోనీ తెచ్చిన ట్రినిట్రాన్ గొట్టంలో నిలువు తీగల జల్లెడ వణక్కుండా అడ్డంగా ఓ సన్నటి తీగ కట్టేవాళ్ళు. తెల్లటి తెర మీద దాని నీడ గీతలాగా కనిపించేది. అడిగితే "అది లోపం కాదు, దాని నిర్మాణమే అంత" అనేవాళ్ళు. "బగ్ కాదు, ఫీచర్" అని మనం కనిపెట్టామనుకుంటాం గానీ, హార్డ్‌వేరు వాళ్ళు మనకేం తీసిపోలేదు :)

ఎల్‌సీడీ కూడా 1968లోనే బయటికొచ్చింది. ఆర్‌సీఏ కంపెనీలో జార్జ్ హైల్మైయర్ బృందం దాన్ని లోకానికి చూపించింది. చాలాకాలం అది గడియారాలకీ కాలిక్యులేటర్లకే పరిమితం. పూర్తి బొమ్మ చూపించాలంటే ప్రతి చుక్కకీ సొంత స్విచ్చి కావాలి. గాజు పలక మీద ఆ స్విచ్చిల్ని, అంటే సన్నపొర ట్రాన్సిస్టర్లని, పరిచే పని 1970ల మొదట్లో వెస్టింగ్‌హౌస్‌లో పీటర్ బ్రోడీ బృందం చేసి చూపించింది. 1988లో షార్ప్ 14 అంగుళాల రంగుల తెర ప్రదర్శించింది. 1992లో ఐబీఎం థింక్‌ప్యాడ్ 700సీ 10.4 అంగుళాల రంగుల తెరతో వచ్చింది. 640×480 చుక్కలు, చుక్కకి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు భాగాలు, వెరసి 9,21,600 ట్రాన్సిస్టర్లు.

అసలు చిక్కు ఇక్కడే. సిలికాన్ పలక మీద వందల చిప్పులు చేస్తే, పాడైనవి పారేసి మిగతావి అమ్ముకోవచ్చు. మెమరీ చిప్పులో స్పేర్ వరసలు పెట్టుకుంటారు, ఒకటి పోతే ఇంకోటి వాడతారు. హార్డ్ డిస్కులో బ్యాడ్ సెక్టరు వస్తే దాని పని వేరే సెక్టరుకి అప్పజెప్తారు. తెరకి ఈ తెలివితేటలేవీ పనిచెయ్యవు. చుక్క ఎక్కడుండాలో అక్కడే ఉండాలి, రీమ్యాప్ చేసుకోడానికి చోటు లేదు. పైగా తెర మొత్తం ఒకే పెద్ద చిప్పు లెక్క. ఓ దుమ్ము కణం చాలు.

లెక్క చూడండి. 1024×768 తెరలో 23,59,296 ట్రాన్సిస్టర్లు. పది లక్షల్లో ఒక్కటే పాడయ్యేంత గొప్పగా తయారు చేసినా, సగటున తెరకి రెండు పైచిలుకు పోతాయి. అలా తయారైన పది తెరల్లో ఒక్క మచ్చా లేనిది మహా అయితే ఒకటి. మిగతా తొమ్మిదీ చెత్తబుట్టలో వేస్తే ఆ ఒక్కటీ ఏ ధరకి అమ్మాలి?

అందుకని మధ్యేమార్గంగా 2001లో ఐఎస్ఓ 13406-2 ప్రమాణం వచ్చింది. తెరల్ని నాలుగు తరగతులు చేశారు. మొదటి తరగతిలో దోషాలే ఉండకూడదు. రెండో తరగతిలో ప్రతి పది లక్షల చుక్కలకీ ఎప్పుడూ వెలిగుండేవి 2, ఎప్పుడూ ఆరిపోయుండేవి 2, ఒక్క రంగు భాగం మాత్రమే మొండికేసినవి 5 దాకా ఉండొచ్చు. అప్పట్లో మార్కెట్లో దొరికిన మానిటర్లలో ఎక్కువ భాగం ఈ రెండో తరగతివే. బియ్యం బస్తాకి ఇన్ని రాళ్ళు ఉండొచ్చని రాసుకున్నట్టన్నమాట. 1280×1024 మానిటరులో ఆరు రంగు చుక్కలున్నా కాగితం ప్రకారం అది మంచి మానిటరే!

అన్నట్టు, అన్ని చుక్కలూ ఒకటి కావు. టీఎన్ రకం తెరలో కరెంటు అందకపోతే వెలుతురు బయటికి వచ్చేస్తుంది, కాబట్టి ట్రాన్సిస్టరు చస్తే చుక్క వెలుగుతూ ఉండిపోతుంది. ఐపీఎస్ తెరలో అయితే నల్లగా ఉండిపోతుంది. వెలిగే చుక్క కంట్లో ఎక్కువ గుచ్చుకుంటుంది కాబట్టి, ఫ్యాక్టరీలో దాన్ని లేజరుతో నల్లగా మార్చెయ్యడం కూడా ఓ రిపేరే.

జనం ఊరుకోలేదు. 2004 డిసెంబరులో జపాన్‌లో సోనీ పీఎస్‌పీ వచ్చింది. తెరలో చుక్కలుండటం మామూలేనని దాని మాన్యువల్లోనే రాశారు, కొన్నవాళ్ళు మండిపడ్డారు. ఇంచుమించు అదే సమయంలో శాంసంగ్ కొరియాలో ఒక్క చెడ్డ చుక్కున్నా మానిటరు మారుస్తామంది. డెల్ తన ఖరీదైన మానిటర్లకి, వెలిగే చుక్క ఒక్కటి కనబడినా మారుస్తామనే హామీ ఇవ్వడం మొదలెట్టింది. 2008లో పాత ప్రమాణం పోయి ఐఎస్ఓ 9241-307 వచ్చింది. అందులో ఏ దోషమూ లేని తరగతికి క్లాస్ 0 అని పేరు.

ఇప్పటి 4కే మానిటరులో 82,94,400 చుక్కలున్నాయి. పాత రెండో తరగతి లెక్కన అందులో 16 తెల్లవి, 16 నల్లవి, 41 రంగువి ఉండొచ్చు. అలాంటిది ఇంటికొస్తే ఎవరైనా ఉంచుకుంటారా? కాబట్టి ఆ అంకెలేవో ప్రకృతి నియమాలు కావు. ఆనాటి ఫ్యాక్టరీ చేతనైనతనానికీ, కొనేవాడి ఓపికకీ మధ్య కుదిరిన బేరం అంతే. ఫ్యాక్టరీ మెరుగైంది, బేరం కూడా మారాలి కదా.

నా అభ్యంతరం లోపం ఉన్నందుకు కాదు. సాఫ్ట్‌వేరు చేసే మనం లోపాల్లేని సరుకు గురించి మాట్లాడకపోవడమే మేలు. మనమూ సెవరిటీ 4 అని రాసి రిలీజు చేసేస్తాం. కానీ ఆ లిస్టు రిలీజ్ నోట్స్‌లో పెడతాం. మానిటరు డబ్బా మీద పరిమాణం, కాంట్రాస్టు, రంగుల సంఖ్య అన్నీ పెద్దక్షరాల్లో ఉంటాయి, ఏ క్లాసో మాత్రం వెతుక్కోవాలి. సగటు లెక్క వేల తెరలు అమ్మేవాడికి సరిపోతుంది. కొనేవాడికి ఉండేది ఒక్క తెరే, అతని వాటాకి వచ్చిన చుక్క రోజూ అతని కళ్ళెదుటే ఉంటుంది.

కాబట్టి కొనేముందు రెండు ప్రశ్నలు అడగండి: ఏ క్లాసు? ఎన్ని చుక్కలుంటే మారుస్తారు? జవాబు కాగితం మీద తీసుకోండి. ఇంటికొచ్చాక నలుపు, తెలుపు, ఎరుపు, ఆకుపచ్చ, నీలం ఒక్కోటీ తెర నిండా పెట్టి, వాపసు గడువులోగా చూసుకోండి. మొండికేసిన రంగు చుక్క రంగులు గబగబా మార్చే ప్రోగ్రాంతో ఒక్కోసారి దారికొస్తుంది, ట్రాన్సిస్టరే చచ్చినది రాదు. వేలితో నొక్కకండి, ఉన్న ఒక్కటీ పదవుతాయి. బస్తాలో ఎన్ని రాళ్ళుండొచ్చో అమ్మేవాడు రాసుకున్నప్పుడు, ఆ అంకె తినేవాడికి కూడా చెప్పాలి. మనం అడగాల్సింది అదే.