రౌడీ మేష్టారు

మేష్టారనగానే మన కళ్ళముందు కదిలే బొమ్మ ఒకటుంది. చేతిలో బెత్తం, ముక్కుమీద కళ్ళజోడు, ఆ జోడు పైనుంచి మనకేసి చూసే చూపూ. ఈ బొమ్మకి పూర్తిగా అడ్డం తిరిగిన గురువెవరయ్యా అంటే, మన సాహిత్యంలో చప్పున గుర్తొచ్చేవాడు గిరీశం. శిష్యుడికి చుట్ట కాల్చడం నేర్పిన ఘనుడు. అయితే ఆ గిరీశాన్ని తీసుకెళ్ళి ఓ బళ్ళో కుర్చీ వేసి కూర్చోబెట్టి, నెలనెలా జీతమిచ్చి, ఒక క్లాసు మొత్తాన్ని అతగాడి చేతిలో పెట్టే సాహసం గురజాడవారు కూడా చెయ్యలేదు. జపాన్ వాళ్ళు చేశారు.

అక్కడ తయారయ్యే బొమ్మల సినిమాల్నీ, సీరియళ్ళనీ యానిమే అంటారు. మన పిల్లలకి ఆ మాట కొత్తేం కాదు, పెద్దవాళ్ళ కోసం చెబుతున్నాను. 1999 జూన్ నుంచి 2000 సెప్టెంబరు దాకా ఫుజీ టెలివిజన్‌లో 43 భాగాలుగా వచ్చిన ‘గ్రేట్ టీచర్ ఒనిజుకా’ అనే హాస్య సీరియల్లో కథానాయకుడు అచ్చంగా ఓ మాజీ రౌడీ. వయసు 22. మోటారు సైకిళ్ళ ముఠాకి నాయకత్వం వెలగబెట్టి, ఎవరూ లెక్కచెయ్యని ఓ కాలేజీలో ఎలాగో గట్టెక్కి, మేష్టారవుదామని బయల్దేరతాడు. ఆ బుద్ధి పుట్టడానికి కారణమైనా గౌరవప్రదమైందా అంటే అదీ కాదు. బడైతే చుట్టూ ఆడపిల్లలుంటారని! జుట్టుకి బంగారు రంగు, నోట్లో సిగరెట్టు, నోరు విప్పితే బూతు.

చూస్తున్నంతసేపూ నవ్వొస్తుంది. నవ్వడం అయ్యాక మాత్రం ఓ సందేహం పట్టుకుంటుంది. చదువన్నా, క్రమశిక్షణన్నా ప్రాణం పెట్టే ఆ దేశంలో ఇలాంటివాణ్ణి పట్టుకుని ‘గ్రేట్’ టీచరని ఎందుకన్నారు? దీనికి జవాబు కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళాలి.

ఒనిజుకాకి తాతగారి వరసైనవాడు 1906లోనే పుట్టాడు. నత్సుమే సోసెకి రాసిన ‘బొచ్చాన్’ నవలలో నాయకుడు అతను. బొచ్చాన్ అంటే మన భాషలో ‘చిన్నబాబుగారు’ అన్నమాట. సోసెకి 1895లో షికోకు దీవిలోని మత్సుయామా అనే ఊళ్ళో ఇంగ్లీషు మేష్టారుగా పనిచేశాడు. ఆయన జీతం 80 యెన్లు, హెడ్మాస్టరుగారికి 60. ఇక ఆ స్టాఫ్ రూములో గాలి ఎటు వీచి ఉంటుందో ఉద్యోగస్తులెవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

నవల్లో చిన్నబాబు లెక్కల మేష్టారు. జీతం 40. మేష్టరు ట్రైనింగు కాలేదు. అప్పటి జపాన్లో ట్రైనింగు స్కూలంటే సగం మిలిటరీ. 1886లో విద్యామంత్రి మోరి అరినోరి కాబోయే మేష్టార్లచేత కవాతు కూడా చేయించాడు. ఆ మూసలో పడకుండా వచ్చినవాడు కనకే చిన్నబాబుకి నోటికొచ్చింది అనెయ్యడమే తెలుసు. ఓ సాయంత్రం హోటల్లో కూచుని టెంపురా వేసిన సోబా నాలుగు గిన్నెలు లాగించాడు. సోబా అంటే సేమ్యాలాంటి వంటకం. తెల్లారి క్లాసుకెళితే నల్లబల్ల నిండా టెంపురా మేష్టారనే బిరుదు! ఉడికించిన పిండి ఉండలు తింటే అదీ బోర్డెక్కింది. వేడినీళ్ళ స్నానాల తొట్టిలో ఈతకొడితే అదీ ఎక్కింది. రాత్రి కాపలా డ్యూటీలో పక్క ఎక్కబోతే పక్కనిండా మిడతలు.

ఇక్కడ గమనించాల్సింది ఒకటుంది. ఇన్ని జరిగినా చిన్నబాబు అసలు యుద్ధం పిల్లలతో కాదు, తోటి మేష్టార్లతో. పొద్దస్తమానం ఎర్రచొక్కా తొడుక్కుని, తియ్యగా మాట్లాడుతూ, తోటి మేష్టారికి నిశ్చయమైన పిల్లని ఎగరేసుకుపోదామని చూసే పెద్దమనిషొకడున్నాడు ఆ బళ్ళో. చివరికి వాడికి నాలుగు తగిలించి, వాడి తోకగాడి మొహాన కోడిగుడ్లు పగలగొట్టి, నెల్లాళ్ళ ముచ్చట చాలించి టోక్యో వెళ్ళిపోయి, ట్రాము కంపెనీలో 25 యెన్ల ఉద్యోగంలో చేరతాడు. న్యాయం జరిగింది, సంతోషమే. మరి ఆ పిల్లల సంగతో? వాళ్ళు నవల మొదట్లో ఎంత పీడగా ఉన్నారో చివర్లోనూ అంతే. వాళ్ళకో ముక్క లెక్కలొచ్చాయో లేదో సోసెకి చెప్పడు, మనమూ అడగం.

అన్నట్టు, అంతగా చీదరించుకుని పోయిన ఆ ఊరు ఆయన మీద కోపం పెట్టుకోలేదు. బొచ్చాన్ పేరు మీద రంగురంగుల పిండి ఉండలు అమ్ముతోంది, 2001 నుంచి బొచ్చాన్ రైలు నడుపుతోంది, బేస్‌బాల్ స్టేడియానికి కూడా ఆ పేరే పెట్టింది. ఊళ్ళంటే అలా ఉండాలి.

నిజం మేష్టార్లలో మాత్రం పిల్లలవైపు నిలబడినవాళ్ళు లేకపోలేదు. 1937లో టోక్యోలో కొబయాషి సోసకు అనే ఆయన పాత రైలుపెట్టెల్లో ఓ బడి పెట్టాడు. వేరే బళ్ళోంచి గెంటేసిన పిల్ల ఒకతె వస్తే, మొదటిరోజునే నాలుగు గంటలపాటు దాని కబుర్లు వింటూ కూచున్నాడట. ఆ పిల్లే పెద్దయ్యాక 1981లో ‘తొత్తో చాన్’ రాసింది. మన తెలుగువాళ్ళు ‘రైలుబడి’ అని చదువుకున్నది దాన్నే. ఆ బడి 1945లో బాంబుల్లో తగలబడిపోయింది. యుద్ధం అయ్యాక వచ్చిన జపాన్లో ర్యాంకులకి ఉన్న తీరిక కబుర్లకి లేకపోయింది. పరీక్షా నరకమన్న మాట వాళ్ళే పుట్టించుకున్నారు.

1970ల చివరికొచ్చేసరికి ఆ నరకం పొంగింది. బళ్ళలో కిటికీలు పగిలాయి, మేష్టార్లకి దెబ్బలు పడ్డాయి. సరిగ్గా అప్పుడే, 1979లో, టెలివిజన్లో కింపాచి మేష్టారనే పొడుగుజుట్టాయన అవతరించాడు. బుట్టలో ఒక కుళ్ళిన పండుంటే మిగతావీ కుళ్ళుతాయి కాబట్టి దాన్ని తీసి పారెయ్యాలనే వాదానికి, పిల్లలు పళ్ళు కారయ్యా అని ఎదురు నిలిచిన మనిషి. 2011 దాకా నడిచింది ఆ సీరియల్. దేశం కళ్ళు తుడుచుకుంటూ చూసింది.

బళ్ళు మాత్రం ఆ కన్నీళ్ళకి కరగలేదు. అల్లరిని అణచడానికి జుట్టు పొడుగుకీ, లంగా పొడుగుకీ కూడా కొలతలు పెట్టాయి. 1990 జూలైలో కోబేలో, సరిగ్గా ఎనిమిదిన్నరకి గేటు మూసెయ్యాలన్న నియమం పాటిస్తూ ఒక టీచరు బరువైన ఇనప గేటు తోశాడు. పరుగెత్తుకొస్తున్న పదిహేనేళ్ళ పిల్ల దానికింద నలిగి చచ్చిపోయింది. అంతకంటే ఘోరం 1986లో బయటపడింది. టోక్యోలో ఒక క్లాసు పిల్లలు తమలో ఒకణ్ణి చచ్చినవాడికింద జమకట్టి, క్లాసులోనే ఉత్తుత్తి కర్మకాండ జరిపారు. వాడి బల్లమీద పువ్వులు పెట్టారు. వీడ్కోలు కార్డు రాసి అందరూ సంతకాలు చేశారు. ఆ సంతకాల్లో నలుగురు టీచర్లవి కూడా ఉన్నాయి. ఒకాయన ఆ క్లాసు టీచరే. కొన్ని వారాలకి, ఫిబ్రవరిలో, ఆ పదమూడేళ్ళ కుర్రాడు ప్రాణం తీసుకున్నాడు.

ఇప్పుడు ఒనిజుకా దగ్గరికి రండి. ఫుజిసావా తోరు ఆ కథని బొమ్మల్లో వెయ్యడం మొదలెట్టింది 1997లో, ఓ కుర్రకారు వారపత్రికలో. ‘తొత్తో చాన్’ అచ్చువేసిన కొదాన్షా వారిదే ఆ పత్రిక కూడాను. కథలో ఒనిజుకాకి అప్పగించిన క్లాసు, మేష్టార్లని వరసగా తరిమికొట్టడమే పనిగా పెట్టుకున్న క్లాసు. ఒకప్పుడు మేష్టారనేవాణ్ణి నమ్మి దగాపడిన పిల్లలు వాళ్ళు. అందులో నొబోరు అనే బక్కకుర్రాడు తోటివాళ్ళ వేధింపులు పడలేక బడి కప్పు మీదినుంచి దూకెయ్యాలనుకుంటాడు. మిగతా మేష్టార్లు బడి పరువేమవుతుందో అని కంగారుపడుతుంటే, రౌడీ మేష్టారు పిల్లాడి కోసం పరుగెడతాడు. అంతే తేడా. తల్లీ తండ్రీ సంపాదనలో పడి ఒకే ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూడ్డం మానేశారని మరో పిల్ల ఏడిస్తే, ఇతను సలహాలివ్వడు, సమ్మెట పట్టుకెళ్ళి వాళ్ళింట్లో ఆ గోడ కూలగొట్టేస్తాడు!

చిన్నబాబు మేష్టార్లతో పోట్లాడి వెళ్ళిపోయాడు. కింపాచి బల్లకి ఇవతల నిలబడి పిల్లల్ని అర్థం చేసుకున్నాడు. ఒనిజుకా బల్లకి అవతలివైపు నుంచి వచ్చినవాడు. కుళ్ళిన పండని ఒకప్పుడు తీసి పారేసినవాడు. ఆ కార్డు తన దగ్గరికొస్తే సంతకం పెట్టడని, చూసేవాడికి నమ్మకం. నా లెక్కన ఆ ‘గ్రేట్’ అన్న మాట అందుకే.

అలాగని అంతా మెచ్చుకోలే అనుకోకండి. ఆడపిల్లల విషయంలో ఈ సీరియల్లోని వెకిలి హాస్యం అప్పట్లో ఎలా చెల్లిందో గాని, ఇవాళ చూస్తే మొహం చిట్లించుకోవాల్సిందే. పైగా ప్రతి బడికీ ఓ కరాటే వీరుణ్ణి ఎక్కణ్ణుంచి తెస్తాం? 2013లో జపాన్ ప్రభుత్వం బళ్ళలో వేధింపుల నివారణకి ఒక చట్టమే చేసింది. ప్రతి బళ్ళోనూ అందుకో బృందం ఉండాలి, పెద్ద కేసైతే విచారణ జరిపి తీరాలి. సీరియల్లా నవ్వించదు గాని, ముందే ఉండాల్సిన ఏర్పాటు.

ఒనిజుకా పాత్రని 1998లో మనుషులతో తీసిన సీరియల్లో సోరిమాచి తకాషి వేశాడు. దాని ఆఖరి భాగానికి 35.7 శాతం ప్రేక్షకులు. 2024 ఏప్రిల్లో, ఏభై ఏళ్ళ వయసులో, ఆయన మళ్ళీ అదే పేరుతో క్లాసులోకొచ్చాడు. పాపం, ఒనిజుకా చేసే ఘనకార్యాలన్నిటికీ ఎలాగో ఓలాగ బలైపోయి నుజ్జయ్యేది ఆ బడి ఉప హెడ్మాస్టరుగారి కారు. అప్పుచేసి కొనుక్కుని, బిడ్డలా తుడుచుకునే క్రెస్టా. టొయోటా వారు ఆ కార్లు తయారుచెయ్యడం 2001లోనే మానేశారు.